రాళ్ళెక్కే బండికి వైద్యం

రిమోటుతో నడిచే కారు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పుట్టినరోజు నాడు కొనిచ్చి, మర్నాటికల్లా మూల పడేసిన ప్లాస్టిక్కు బొమ్మ. ఈ వ్యాసం దాని గురించి కాదు. ఆ జాతిలోనే రాక్ క్రాలర్ అని ఇంకో తెగ ఉంది. దీనికి వేగంతో పని లేదు. మనిషి నడక కన్నా నెమ్మదిగా, బండరాళ్ళ మీదా చెట్ల వేళ్ళ మీదా ఒక్కొక్క చక్రాన్నే ఆనించుకుంటూ, ముసలి మేక గుట్ట ఎక్కినట్టు ఎక్కుతుంది. తెలుగులో 'రాళ్ళెక్కే బండి' అనుకుందాం. మామూలుగా దొరికేవి అసలు జీపులో పదో వంతు కొలతవి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 313 మిల్లీమీటర్లు చాలా బళ్ళకి రివాజు. బరువు రెండున్నర నుంచి మూడున్నర కిలోలు. ధర మాత్రం బొమ్మ ధర కాదు.

ఈ సరదాకి చరిత్ర పెద్దగా లేదు. 1987లో టమియా కంపెనీ క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల లారీని అమ్మింది. దాని ఇరుసులు ఊడదీసి, ఇంట్లో కోసుకున్న అల్యూమినియం పట్టీలకి బిగించి, రాళ్ళ మీదకి ఎక్కించిన ఔత్సాహికులే ఈ ఆటకి ఆద్యులలో ముఖ్యులు. 2008 ప్రాంతాల ఆక్సియల్ వాళ్ళ ఏఎక్స్-10, ఆ తరువాత ఎస్‌సీఎక్స్-10 వచ్చాక కంపెనీ బండి కొనుక్కుని సరాసరి రాయెక్కించే రోజులు వచ్చాయి. 2017లో ట్రాక్సస్ వాళ్ళ టీఆర్ఎక్స్-4 వచ్చింది. ఇక అక్కడినుంచి ఈ బండి కొన్నవాడు మరమ్మతు నేర్చుకోవలసిన అవసరం లేదన్న భ్రమ మొదలయింది. నా పేచీ ఆ భ్రమతోనే.

నేనుండే సెంబవాంగ్ సింగపూరుకి ఉత్తరపు కొస. ఎదురుగా జలసంధి, ఆవలి గట్టు మలేషియా. సెంబవాంగ్ అన్నది ఒక చెట్టు పేరు. మన నాగకేసరానికి చుట్టమే. ఊరికి రెండో గుర్తింపు మరమ్మతు. 1938లో బ్రిటిష్ వాళ్ళు ఇక్కడి నౌకాస్థావరంలో కింగ్ జార్జి పేరు మీద పెద్ద డ్రై డాకు తెరిచారు. వాళ్ళు వెళ్ళిపోతూ వదిలేసిన ఆ సరంజామాతోనే 1968లో సెంబవాంగ్ షిప్‌యార్డు పుట్టి, దశాబ్దాల పాటు దేశదేశాల ఓడలకి తుప్పు గీకి, చుక్కాని సరిచేసి పంపింది. చుక్కాని సరిచేసిన ఊళ్ళో ఒక బొమ్మ బండి స్టీరింగు సరిచేసుకోలేక అమ్మకానికి పెట్టేవాళ్ళని చూస్తే నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

విషయానికొస్తే, క్రాలర్ నడిపే ప్రతివాడికీ వచ్చే ఫిర్యాదులు రెండే. ఒకటి, చక్రం తిరగదు. రెండు, బండి ఒరిగిపోతుంది. మొదటిదానికి అందరూ చెప్పే మందు 'పెద్ద సర్వో వెయ్యి'. రెండోదానికి 'ఖరీదైన షాకులు వెయ్యి'. నా అభిప్రాయం ఏమిటంటే, ఈ రెండు సలహాలూ జ్వరం వచ్చినవాడికి కొత్త చొక్కా కొనిపెట్టడం లాంటివి. ఒక్కోసారి చొక్కా కూడా అవసరమే, కాదనను. కానీ ముందు నాడి చూడాలి కదా.

సర్వో అంటే తెలియనివారికి ఒక్క మాట. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలో ఒక చిన్న మోటారు, దానికి పళ్ళచక్రాల గొలుసు, తను ఎంత తిరిగిందో తనే చూసుకునే ఏర్పాటు ఉంటాయి. రిమోటు మీద చక్రం ఎంత తిప్పితే ఇది అంత తిరిగి అక్కడే నిలబడుతుంది. దాని నెత్తిన ఉండే చిన్న చెయ్యిని హార్న్ అంటారు. ఆ చెయ్యి ఒక కడ్డీని తోస్తే, ఆ కడ్డీ ముందు చక్రాలని తిప్పుతుంది. సర్వో బలాన్ని కిలో-సెంటీమీటర్లలో చెబుతారు. పది కిలోల సర్వో అంటే ఒక సెంటీమీటరు పొడుగు చెయ్యి కొసన పది కిలోల బరువుని ఆపగలదని అర్థం. చెయ్యి పొడుగు రెండు సెంటీమీటర్లయితే కొసన మిగిలేది అయిదు కిలోలే. ఒకటిన్నర చేస్తే ఆరున్నర దాటుతుంది. అంటే కడ్డీని హార్న్ మీద ఒక రంధ్రం లోపలికి మార్చితే, పైసా ఖర్చు లేకుండా మూడో వంతు బలం పెరుగుతుంది! బదులుగా చక్రం తిరిగే కోణం కొంత తగ్గుతుంది. ఈ బేరం లాభమా నష్టమా అన్నది బండిని బట్టి ఉంటుంది. కానీ ఇలాంటి బేరం ఒకటుందని చెప్పేవాళ్ళు తక్కువ, ముప్ఫయి కిలోల సర్వో చేతిలో పెట్టేవాళ్ళు ఎక్కువ.

ఆ ముప్ఫయి కిలోలది పెట్టాక ఏమవుతుంది? రెండు రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కుంటుంది, సర్వో బలమంతా తీస్తుంది, బండి మొత్తం గుడ్లు తేలేసి ఆగిపోతుంది. రెండు క్షణాలకి మళ్ళీ ప్రాణం వస్తుంది. సర్వో పాడయిందని కొందరు, రేడియో పాడయిందని కొందరు అంటారు. పాడయింది ఏదీ లేదు. సర్వోకీ రిసీవరుకీ కరెంటు ఇచ్చేది స్పీడ్ కంట్రోలర్‌లో ఉండే బెక్ అనే చిన్న సర్క్యూటు. చాలా బళ్ళలో అది ఇవ్వగలిగేది రెండు మూడు ఆంపియర్లు. పెద్ద సర్వో బిగుసుకున్నప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. అప్పుడు వోల్టేజి పడిపోయి రిసీవరు మూర్ఛపోతుంది. వేసవిలో మన ఊళ్ళో బోరు మోటారు వెయ్యగానే ఇంట్లో దీపాలు డీలా పడటం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వేరే బెక్ కొని బ్యాటరీ నుంచి నేరుగా సర్వోకి కలపటం దీనికి విరుగుడు. అంటే బలమైన సర్వో కొనమన్నవాడు సగం సలహాయే ఇచ్చాడన్నమాట.

అందుకే ముందు బండిని చేత్తో పైకెత్తి, చక్రాలు గాలిలో ఉండగా స్టీరింగు తిప్పి చూడమంటాను. గాలిలో కూడా పూర్తిగా తిరగకపోతే లోపం బలంలో లేదు. ఎక్కడో పట్టేస్తోంది, లేదా అమరిక తప్పింది. గాలిలో నిక్షేపంగా తిరిగి నేల మీద మొరాయిస్తే అప్పుడు హార్న్ వంక చూడాలి. చక్రం కదలకపోయినా హార్న్ కదులుతోందంటే బలం మధ్యలో ఎక్కడో కారిపోతోంది. చాలా బళ్ళలో అది కారిపోయే చోటు సర్వో సేవర్. హార్న్ బదులుగా పెట్టే స్ప్రింగు చెయ్యి అది. వేగంగా పోయే కారు గోడకి కొట్టుకుంటే సర్వో పళ్ళు విరగకుండా కాపాడటానికి పుట్టింది. నడక వేగంతో పోయే క్రాలర్‌కి దాని అవసరం బహు తక్కువ. సర్వోకి లోహపు పళ్ళుంటే అసలే అక్కర్లేదు. తీసేసి లోహపు హార్న్ బిగిస్తే, అంతకుముందు 'చచ్చిన' సర్వోలు లేచి కూర్చోవటం నేను చాలాసార్లు చూశాను. హార్న్ కూడా కదలకపోతే మాత్రం అప్పుడు సర్వో సంగతీ కరెంటు సంగతీ ఆలోచించాలి. ప్లాస్టిక్కు పళ్ళ సర్వో లోపల కరకరమంటుంటే ఇంక నాడి చూడక్కర్లేదు, కొత్తది కొనాల్సిందే.

మా బ్లాకులోనే ఉండే ఒక తెలుగు కుర్రాడి బండి కథ ఇక్కడ చెప్పాలి. పదమూడేళ్ళవాడు, పాత బండి ఎవరి దగ్గరో కొన్నాడు. కుడి వైపు చక్కగా తిరుగుతుంది, ఎడమ వైపు సగంలో ఆగిపోతుంది. ఒక దుకాణంలో చూపిస్తే సర్వో మార్చమన్నారట. పండక్కి తాతగారు పంపిన డబ్బు పెట్టి మార్చాడు. అప్పుడూ అంతే. ఇంకా పెద్దది వెయ్యమన్నారట. వాళ్ళమ్మగారు ఒకనాడు లిఫ్టు దగ్గర కనబడి, "అన్నయ్యగారూ, వీడి బండి ఎవరైనా కొంటారేమో కనుక్కోండి. ఇంక దాని మీద ఒక్క డాలరు పెట్టేది లేదని మావారు గట్టిగా చెప్పేశారు" అన్నారు. కుర్రాడు పక్కనే నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారం బండి తెమ్మన్నాను. సర్వో ఇరుసుకుండే పళ్ళు 25. ఫుటబా తరహావి అంతే; కొన్ని పాత హైటెక్ సర్వోలకి 24, శాన్వా తరహా వాటికి 23 ఉంటాయి. ఒకదాని హార్న్ ఇంకోదానికి పట్టదు, బలవంతాన పట్టించినవాళ్ళూ ఉన్నారు. పాతిక పళ్ళంటే ఒక్కో పన్నుకీ 14.4 డిగ్రీలు. హార్న్‌ని ఒక్క పన్ను పక్కకి బిగిస్తే బండి నిటారుగా పోదు. అది సరిచెయ్యటానికి రిమోటు మీద ట్రిమ్ అనే చిన్న మీట ఉంటుంది కదా, దాన్ని ఒక కొసకి నొక్కేస్తారు. బండి నిటారుగా పోతుంది, కానీ ఒక వైపు తిరగవలసిన తిరుగుడంతా ఆ ట్రిమ్ ముందే మింగేస్తుంది. కుర్రాడి బండికి జరిగింది అదే. పాత యజమాని పెట్టిన ట్రిమ్, కొత్త సర్వోకీ వారసత్వంగా వచ్చింది. ట్రిమ్ సున్నాకి తెచ్చి, సర్వోకి కరెంటిచ్చి దాన్ని నడిమధ్యలో నిలబెట్టి, అప్పుడు హార్న్ తిన్నగా బిగించమన్నాను. మిగిలిన చిన్న తేడాని కడ్డీ పొడుగు మార్చి సరిచేశాడు. తరువాత ఎండ్ పాయింట్లు, అంటే రెండు వైపులా సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దులు పెట్టాం. చక్రం గూడు ఆఖరికి తగిలి ఆగిపోయాక కూడా సర్వో ఇంకా తోస్తూ గుయ్యిమని మూలుగుతుంటే హద్దు ఎక్కువయిందన్నమాట. ఆ మూలుగుని పట్టించుకోకపోతే సర్వో వేడెక్కి మాడిపోతుంది. పావుగంట పని. "అంతేనా అంకుల్?" అన్నాడు. వాడి మొహంలో సంతోషం కన్నా కోపమే ఎక్కువ కనబడింది నాకు. నూరు డాలర్ల పైచిలుకు పోయాయి మరి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ మేస్త్రీలని చూసినవాళ్ళకి తెలుస్తుంది. స్టీరింగు బాగాలేదని చెబితే వాళ్ళు బండి ఎక్కరు. చక్రం రెండు పక్కలా పట్టుకుని అటూ ఇటూ ఊపుతారు, తరువాత పైనా కిందా పట్టుకుని ఊపుతారు. ఏ కీలు వదులో ఆ ఊపులోనే చెప్పేస్తారు. క్రాలర్‌కీ అదే పరీక్ష. చక్రం ఊగుతుంటే మోకాలు లాంటి నకుల్ దగ్గర మరలు అరిగాయా, బేరింగు పోయిందా, కడ్డీ కొసన బంతి కీలు వదులయిందా అని ఒక్కొక్కటీ వేలితో పట్టుకుని చూడాలి. మూడు మిల్లీమీటర్ల పల్చటి వాషర్లు రెండు వేస్తే పోయే ఆట చాలా ఉంటుంది. అయితే వదులు తీస్తున్నామని బిగించి పారేయకూడదు. బిగుసుకున్న మోకాలు కూడా సర్వోకి బరువే. కడ్డీ ఊడదీసి చేత్తో తిప్పితే చక్రం తన బరువుకి తనే జారాలి.

స్టీరింగు గురించి ఇంకో చిక్కుంది. దీన్ని చాలామంది సస్పెన్షను జబ్బు అనుకుంటారు. నేల మీద నిటారుగా పోయే బండి, ముందు చక్రం రాయెక్కగానే ఎవరూ తిప్పకుండానే పక్కకి తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. సర్వో చట్రం మీద, చక్రాలు ఇరుసు మీద ఉన్న బళ్ళలోనే ఇది వస్తుంది. ఇరుసు పక్కకి జారకుండా పానార్డ్ కడ్డీ ఒకటి అడ్డంగా పట్టుకుంటుంది. స్టీరింగు కడ్డీ ఇంకోటి. ఇరుసు పైకీ కిందకీ కదిలినప్పుడు ఈ రెండూ చెరో వృత్తంలో ఊగుతాయి. మన ఇళ్ళలో ఉయ్యాలబల్ల తలుచుకోండి. రెండు వైపుల గొలుసులూ ఒకే పొడుగుండి, సమాంతరంగా వేలాడితే బల్ల ఎంత ఊగినా వంగదు. ఒక గొలుసు పొట్టిదయితే ఊగినప్పుడల్లా బల్ల వాలుతుంది. ఇక్కడా అంతే. రెండు కడ్డీలూ సమాంతరంగా, దాదాపు సమానంగా ఉంటే చక్రం తనంతట తను తిరగదు. బండి ఎత్తు పెంచాలని పొడుగు షాకులు వేసినవాళ్ళు కడ్డీల వాలు మారిపోయిందని గమనించరు. ఏఎక్స్-10 లాంటి వాటిలో సర్వో ఇరుసు మీదే కూర్చుంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. చూడటానికి అసలు జీపులా లేదని జనం ఆ పద్ధతిని వదిలేశారు. అందం కోసం తెచ్చుకున్న జబ్బన్నమాట.

తిరుగుడు చాలటంలేదన్న ఫిర్యాదులో ఇంకో సగం అసలు జబ్బే కాదు. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది. రెండూ ఇరుసు మీద విడివిడిగా ఉంటాయి కనక. క్రాలర్‌లో రెండు చక్రాలనీ కలిపి బిగించేస్తారు, ఒకటి గాలిలో లేచినా రెండోది లాగాలని. కాబట్టి మలుపులో అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, బండి ముక్కుసూటిగా పోవాలని చూస్తుంది. దీన్ని సర్వో బలంతో గెలవలేం. ముందు చక్రాలు వెనకవాటికన్నా కొద్దిగా వేగంగా తిరిగేట్టు పళ్ళచక్రాలు మార్చటం ఒక మార్గం. టీఆర్ఎక్స్-4 లాంటి వాటిలో కావలసినప్పుడు ఆ బంధాన్ని రిమోటుతోనే విడిపించే ఏర్పాటుంది. ఏదీ లేకపోతే కొంచెం వెనక్కి వచ్చి మళ్ళీ తిప్పుకోవటమే. అది నడిపేవాడి పని, బండి పని కాదు.

ఇక ఒరిగిపోవటం గురించి. ఇక్కడ నాకు అందరికన్నా కోపం తెప్పించేవి బండి నెత్తిన పెట్టే అలంకారాలు. చిన్న గుడారం, చిన్న నూనె డబ్బాలు, చిన్న నిచ్చెన, పైన లైట్లు. పెళ్ళివారి బస్సు మీద సామానులా కట్టి, షాకులు బాగాలేవంటారు. ముందు అది దించండి. బ్యాటరీని వీలయినంత కిందకీ ముందుకీ తెండి. చక్రాల్లో, నకుళ్ళలో ఇత్తడి బరువులు వెయ్యటం మంచి పద్ధతే, కానీ పైన ఉన్నది తీసెయ్యటం దానికన్నా చవక.

బండి చిన్నది కావటం వల్ల వచ్చే ఇబ్బంది ఒకటుంది. పొడుగు పదో వంతయితే బరువు వెయ్యో వంతవుతుంది. రెండు టన్నుల జీపు రెండు కిలోలవుతుంది. భూమ్యాకర్షణ మాత్రం పదో వంతు కాదు, అంతే ఉంటుంది. దాని ఫలితంగా చిన్నబండి ఒరగటానికి పట్టే కాలం పెద్దబండికన్నా మూడు రెట్లకు పైగా తక్కువ, సరిగ్గా చెప్పాలంటే పది వర్గమూలమంత. జీపు డ్రైవరు 'అయ్యో' అనేలోపు సర్దుకోగలిగినది, ఇక్కడ 'అ' అనేలోపే తిరగబడిపోతుంది. జీపు పుస్తకాలు చదివి దాని సస్పెన్షను లెక్కలు యథాతథంగా ఇక్కడ దించేవాళ్ళు ఇది ఆలోచించాలి.

ఇంకో సంగతి. బండి రాయికి ముక్కు ఆనించి, నెమ్మదిగా పవరిస్తూ చూడండి. చక్రాలు కదలకముందే ఒళ్ళంతా ఒక పక్కకి మెలి తిరుగుతుంది. మోటారు నిలువు కడ్డీని ఒక వైపు తిప్పితే, ప్రతిచర్యగా చట్రం రెండో వైపు తిరుగుతుంది. న్యూటన్ గారి మూడో సూత్రం. మెత్తటి స్ప్రింగులు వేసినవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. షాకుల్లో చిక్కటి నూనె పోస్తే మెలి నెమ్మదిగా వస్తుంది తప్ప పోదు. ఒక వైపు స్ప్రింగు బిగించటం కట్టు కట్టినట్టే. పోర్టల్ ఇరుసులు దీనికి అసలైన జవాబు: వేగం తగ్గించే ఆఖరి పళ్ళచక్రాలు చక్రం దగ్గరే ఉంటాయి కాబట్టి మధ్య కడ్డీ మీద మెలి తగ్గుతుంది, పైగా ఇరుసు కింద ఖాళీ పెరుగుతుంది. ఉనిమాగ్ లారీలకి ఎప్పటినుంచో ఉన్న ఉపాయమే. అలవాటు పడి, మెలి తిరిగే వైపు తెలుసుకుని దారి ఎంచుకునేవాళ్ళూ ఉన్నారు. నేను ఆ పక్షం.

షాకుల్లో చూడవలసింది వాటి ఖరీదు కాదు, బండి తన బరువుకి ఎంత కూర్చుందన్నది. నేల మీద పెట్టినప్పుడు షాకు పూర్తిగా సాగి, గుర్రంలా నిలబడి ఉంటే గుంట వచ్చినప్పుడు చక్రం కిందకి చాపటానికి జాగా ఉండదు. మొత్తం కదలికలో మూడో వంతు నుంచి సగం దాకా కిందకి చాపటానికి మిగలాలి. చక్రం గాలిలో లేస్తోందంటే ముందు స్ప్రింగు బిగింపు వదులు చేసి చూడాలి. తరువాత నాలుగు షాకులూ ఊడదీసి చేత్తో నొక్కి పోల్చాలి. ఒకటి చటుక్కున పోతుంటే దాంట్లో నూనె కారిపోయింది, లేదా గాలి బుడగ చేరింది. నూనె పోసి, మూత వెయ్యకుండా పిస్టను మెల్లగా పైకీ కిందకీ ఆడించి, బుడగలు పైకి తేలేదాకా కాసేపు నిలబెట్టాలి. ఈ ఓపిక లేక ఎన్ని జతల షాకులు చెత్తబుట్టలోకి పోయాయో!

భారతదేశంలో ఉన్నవాళ్ళకి ఇది మరీ అవసరం. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. పోయిన సామాను తెప్పించుకోవటం కన్నా ఉన్నది నిలబెట్టుకోవటమే మేలు. ఇక్కడ సింగపూరులో 2014లో మొదలైన రిపేర్ కోపిటియామ్ లాంటి చోట్ల స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని ఫ్యాను, మిక్సీ విప్పటం నేర్పుతారు. మన తెలుగు పిల్లలు ఎందరు అటు వెళుతున్నారో గానీ, ట్యూషన్లకి తోలటంలో చూపించే శ్రద్ధలో పదో వంతు ఇటు చూపించినా చాలు. మా కుర్రాడి తండ్రిగారు మొన్న నాతో, "చదువు చెడుతుందేమోనని నా భయం" అన్నారు. 25 పళ్ళని 360తో ముడిపెట్టి, ఒక్క పన్నుకి ఎన్ని డిగ్రీలో వాడంతట వాడు లెక్కేసుకున్నాడండీ అని చెప్పాను. ఒప్పుకోలేదు, కానీ బండి అమ్మకం ఆగింది.

సముద్రం పక్క నడిపేవాళ్ళకి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. సెంబవాంగ్ పార్కులో ఇసుకా రాళ్ళూ బావుంటాయి గానీ ఉప్పునీరు బేరింగుకి విషం. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బేరింగులకి చుక్క నూనె వెయ్యాలి. టైర్ల లోపలి స్పాంజి నీళ్ళు పీల్చుకుని ఒక్కో చక్రం ఒక్కో బరువవుతుంది, గట్టిగా పిండి ఆరబెట్టాలి. లోహానికి లోహం బిగించే మరలకి థ్రెడ్ లాక్ రాయాలి, ప్లాస్టిక్కు మీద మాత్రం రాయకూడదు, పగిలిపోతుంది. దగ్గర ఉండవలసినవి 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల షడ్భుజి తాళాలు, చక్రాల నట్లకి 7 మిల్లీమీటర్ల స్పానరు. కుర్రాడి బండికి ఎడమ వెనక షాకు ఇంకా కారుతోంది. రబ్బరు రింగులు తెప్పించాడు, వచ్చే ఆదివారం తనే వేస్తానంటున్నాడు.